ఆపరేషన్ తర్వాత వీడియో కాల్‌లో చూపించుకుంటే రోగికి తృప్తిగా ఉంటుందా?

ప్రశ్న (ఏటూరునాగారం)

అందరికీ నమస్కారం. మా అమ్మకు హనుమకొండలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పిత్తాశయంలో రాళ్లకు ల్యాపరోస్కోపీ ఆపరేషన్ చేశారు. కుట్లు తీసిన తర్వాత ఇక వీడియో కాల్‌లోనే చూస్తామన్నారు. ములుగు మీదుగా అంత దూరం ఆమెను బస్సులో కూర్చోబెట్టే బాధ తప్పిందని మేము సంతోషించాము. అయితే, కాల్ ముగిశాక తృప్తిగా ఉందా అని ఆసుపత్రివారు ఫోన్ చేసి అడిగినప్పుడు "మంచిగనే ఉంది" అన్న అమ్మ, ఆ రాత్రి నా భార్యతో మాత్రం డాక్టరు తనను చూసినట్టే అనిపించలేదని చెప్పిందట. ఇలా చూపించుకున్నవారి అనుభవం ఎలా ఉంది?

సమాధానం (స్టాఫ్ నర్సు, హనుమకొండ)

మొదట ఒక్క విషయం అడుగుతాను: కాల్‌లో డాక్టరు గారితో మాట్లాడింది మీ అమ్మగారా, మీరా? మా దగ్గర చాలా కాల్స్‌లో కొడుకో అల్లుడో ఫోన్ పట్టుకొని జవాబులన్నీ తానే చెబుతాడు. మూత్రం, విరేచనం, గాయం దగ్గర నొప్పి వంటి సంగతులు ఆడవాళ్లు వారి ముందు నోరు తెరిచి చెప్పరు. తర్వాత సర్వేలో నమోదయ్యే తృప్తి ప్రయాణం, కూలి మిగిలిన ఇంటివారిదే తప్ప రోగిది కాదని నా నమ్మకం.

గాయం చూపించే పద్ధతి కూడా ముఖ్యమే. ఫోన్ టార్చి వేస్తే ఆ మెరుపులో ఎరుపు కనిపించదు కాబట్టి పగటి వెలుతురులో, కాల్‌కు ముందే ఫోటోలు తీసి పంపండి. చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగా తెలియదు; గాయం చుట్టూ వేడిగా, గట్టిగా ఉందేమో మీ భార్య చేత్తో తాకి చెప్పాలి, ఎందుకంటే ఆ పని ఏ కెమెరా చేయలేదు.

సమాధానం (విశ్రాంత ఉపాధ్యాయుడు, జనగామ)

హెర్నియా ఆపరేషన్ తర్వాత నేను ఇలాగే చూపించుకున్నాను, పూర్తిగా తృప్తి చెందాను. ఆపరేషన్ చేసిన డాక్టరు గారే మాట్లాడారు, నన్ను నాలుగడుగులు నడవమని, దగ్గమని చెప్పి చూశారు. ముఖం తెలియని వేరే డాక్టరు వచ్చి ఉంటే ఆ ధైర్యం కలిగేది కాదు.

ప్రశ్న అడిగినవారు

సిస్టర్ గారూ, మాట్లాడింది నేనే. అమ్మ నేరుగా చూపించుకుంటానంటే ఆసుపత్రివారు కాదనవచ్చా? బయాప్సీ రిపోర్టు గురించి కూడా ఎవరూ ఏమీ చెప్పలేదు.

సమాధానం (స్టాఫ్ నర్సు, హనుమకొండ)

కాదనకూడదు. 2020 మార్చి 25న కేంద్రం విడుదల చేసిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం, అదే జబ్బుకు నేరుగా చూసిన 6 నెలల లోపు ఫోన్‌లో చూడటాన్ని ఫాలో అప్‌గా పరిగణిస్తారు. కానీ దాన్ని ఎప్పుడైనా ఆపేసే హక్కు రోగికి ఉంది. బయాప్సీ రిపోర్టును మాత్రం తప్పక అడిగి తీసుకోండి. తొలగించిన పిత్తాశయంలో అరుదుగా క్యాన్సర్ బయటపడేది ఆ పరీక్షలోనే. ఈలోగా కళ్లు పచ్చబడినా, చలిజ్వరం వచ్చినా, కడుపునొప్పి పెరుగుతున్నా కాల్ తేదీ కోసం ఆగకుండా 108 పిలిచి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి.