శనివారం లైబ్రరీ కార్యక్రమం: హాలు విషయం అత్యవసరం

కార్యదర్శి, సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. శనివారం లైబ్రరీలో మనం వేస్తున్న ‘మాయాబజార్’ సినిమా, దాని మీద ప్రసంగం కోసం కరపత్రం రేపు సాయంత్రానికల్లా అచ్చుకు వెళ్ళాలి కనుక పనులు మరొకసారి రాస్తున్నాను. ప్రొజెక్టరు, స్పీకర్లు తమ్ముడు తెస్తాడు. కుర్చీలు సర్దడానికి నలుగురు కావాలి. ఫలహారాలు వదిన గారు చూసుకుంటారు. వేడి పదార్థాలకు అనుమతి లేదన్న సంగతి గుర్తుంచుకోవాలి. పిల్లల మూలలో ఎవరుంటారో ఇంకా తేలలేదు.

ఇది రాస్తుండగానే లైబ్రరీ నుంచి మెయిలు వచ్చింది. ‘మాయాబజార్’కు బహిరంగ ప్రదర్శన హక్కులు ఉన్నట్టు పత్రం చూపించకపోతే మీటింగు గదిలో సినిమా వేయనివ్వరట. వాళ్ళు ఏటా కట్టే లైసెన్సు కొన్ని హాలీవుడ్ స్టూడియోల సినిమాలకే వర్తిస్తుందట. ప్రసంగానికి మాత్రం అభ్యంతరం లేదన్నారు. ఏం చేద్దామో వెంటనే చెప్పండి.

ప్రదర్శన బాధ్యులు, సోమవారం రాత్రి 10:05

అక్కా, ఇందులో కంగారు పడవలసిందేమీ లేదు. సినిమా 1957 మార్చి 27న విడుదలైంది. మన దేశంలో సినిమాల మీద కాపీరైటు హక్కు 60 ఏళ్ళే కనుక అది 2017 డిసెంబరు 31తో తీరిపోయింది. ఆ మాటే వాళ్ళకు రాయండి. పైగా నేను డబ్బు పెట్టి కొన్న డీవీడీ ఇది, ఎక్కడినుంచో దింపుకున్నది కాదు.

కార్యవర్గ సభ్యురాలు, సోమవారం రాత్రి 10:50

అన్నయ్య గారూ, ఇండియా వరకు మీరు చెప్పింది నిజమే, కానీ మనం ఉన్నది న్యూజెర్సీలో. 1996 జనవరి 1 నాటికి సొంత దేశంలో హక్కు బతికి ఉన్న విదేశీ చిత్రాలకు అమెరికా చట్టం ఇక్కడ కూడా హక్కును పునరుద్ధరించింది. ఆ తేదీకి ఈ సినిమా వయసు నలభై ఏళ్ళయినా లేదు కనుక అది ఆ జాబితాలోకే వస్తుంది. విడుదలైన ఏడాది నుంచి లెక్కించే 95 ఏళ్ళ గడువు ఇక్కడ 2052 చివరికి గానీ ముగియదు. 2010లో వచ్చిన రంగుల ప్రతి వేద్దామన్నా లాభం లేదు, అది ఇంకా కొత్తది. ఇక డీవీడీ కొన్నందువల్ల ఇంట్లో చూసుకునే హక్కే వస్తుంది గాని, ఊరందరినీ పిలిచి చూపించే హక్కు రాదు.

ప్రదర్శన బాధ్యులు, సోమవారం రాత్రి 11:15

ఆరు వారాలుగా ప్రతి ఆదివారం ఆ గదిలో తెర కొలతలు, శబ్దం సరిచూసుకుంటున్నది నేను. అప్పుడెవరూ చెప్పని చట్టం ఇప్పుడు, నాలుగు రోజుల ముందు, పాఠంలా చెబుతున్నారు. ఇదివరకు అద్దె హాల్లో సినిమాలు వేసుకున్నప్పుడు ఎవరూ ఏ పత్రమూ అడగలేదు. అడిగేవాళ్ళు లేనప్పుడు ఒప్పు, అడిగితే తప్పు అవుతుందా? అయితే ఈ పని మరెవరికైనా అప్పగించండి.

కోశాధికారి, మంగళవారం ఉదయం 6:30

అద్దె హాలు మాట మళ్ళీ ఎత్తకండి. ఖాతాలో ఉన్నది 412 డాలర్లు, అందులో కరపత్రాలకు, ఫలహారాలకు 180 ఇదివరకే రాసి ఉంచాను. హైదరాబాదులో హక్కుదారులెవరో కనుక్కొని అనుమతి తెచ్చుకోవడం సరైన పద్ధతే. కానీ పాత సినిమాల నెగెటివు హక్కులు, అంటే అసలు ఫిల్ము మీద హక్కులు, ఒకరి దగ్గర, ఓవర్సీస్ హక్కులు మరొకరి దగ్గర ఉండడం మామూలు. ఉత్తరాలు నడిచేలోపు శనివారం దాటిపోతుంది.

ప్రసంగకర్త, మంగళవారం ఉదయం 8:10

పిల్లలూ, ఒకరి మీద ఒకరు నిష్ఠూరాలు వద్దు. ఆ లైబ్రరీ అమ్మాయి మన తెలుగు పుస్తకాల అల్మరా కోసం ఎంత కష్టపడిందో మీ అందరికీ తెలుసు. మనవల్ల ఆమెకు మాట రాకూడదు.

నా ప్రసంగం ఇరవై నిమిషాలే అనుకున్నాం. దాన్ని గంటన్నర చేస్తాను. కళాదర్శకులు గోఖలే, కళాధర్ గార్లు సుమారు 300 చిన్న నమూనా ఇళ్ళతో ద్వారకను ఎలా నిలబెట్టారో, మార్కస్ బార్ట్లీ కెమెరాతో వెన్నెలను ఎలా కల్పించాడో, రచయిత పింగళి వారు ‘అసమదీయులు, తసమదీయులు’ అన్న మాటలు పుట్టించి వాటిని జనం నోట ఎలా నిలిపారో చెప్పడానికి సినిమా మొత్తం వేయనక్కరలేదు, కొన్ని ఫొటోలు, రెండు మూడు చిన్న దృశ్యాలు చాలు. నిజానికి మూడు గంటల సినిమా తరువాత నా మాట వినడానికి ఎవరికీ ఓపిక ఉండదని నాకు మొదటినుంచీ దిగులుగానే ఉంది.

కార్యవర్గ సభ్యురాలు, మంగళవారం మధ్యాహ్నం 12:20

బాబాయి గారి ఆలోచన చాలా బాగుంది. వ్యాఖ్యానం కోసం, మధ్యలో ఆపి వివరిస్తూ, ఒకటి రెండు నిమిషాల తునకలు చూపించడం హక్కుదారుల అనుమతి లేకుండానే చట్టం ఒప్పుకునే ‘న్యాయమైన వాడకం’ (ఫెయిర్ యూజ్) కిందికి వస్తుందని చెప్పుకోవచ్చు. అయినా ఏయే తునకలో ముందే లైబ్రరీకి రాసి పంపుదాం. ఇంకొక దారి కూడా ఉంది. టికెట్టు లేకుండా, పాడేవారికి, చదివేవారికి, నిర్వాహకులకు పైకం ఇవ్వకుండా, లాభాపేక్ష లేకుండా జరిగే సభలో పాటలు పాడడానికి, కథలు, పద్యాలు చదవడానికి ఇక్కడి చట్టమే వీలు కల్పించింది. సినిమాకూ నాటకానికీ ఆ వెసులుబాటు లేదు కనుక సంభాషణలతో ఘట్టాలు నటించడం మాత్రం వద్దు.

అన్నయ్య గారూ, రాత్రి నా మాట మీకు పాఠంలా వినిపించినందుకు మన్నించండి. హక్కుల సంగతి ఆరు వారాల క్రితమే అడగవలసింది నేను.

ప్రదర్శన బాధ్యులు, మంగళవారం సాయంత్రం 5:45

అమ్మా, మన్నించమనవలసింది నేనే. పిల్లలకు పెద్ద తెర మీద ఘటోత్కచుణ్ణి చూపించాలని చాలా ఆశ పెట్టుకున్నాను. ఆ బాధలో అలా రాశాను. బాబాయి గారు ఏ దృశ్యాలో చెబితే ఈ రాత్రికే నిమిషాలు, సెకన్లతో పట్టిక చేసి పంపుతాను. ద్వారక ఫొటోలు తెర నిండా వచ్చేలా సరిచేస్తాను.

పాటలు మాత్రం ముందే పంచుకోవాలి. ‘లాహిరి లాహిరి లాహిరిలో’ పాడటానికి జంట కావాలి. ‘వివాహభోజనంబు’ మా వాడు పాడతానంటున్నాడు, వాడికి పదకొండేళ్ళు.

కార్యదర్శి, బుధవారం ఉదయం 7:15

పట్టిక చూసి లైబ్రరీ వారు రాత్రే ఒప్పుకున్నారు. కరపత్రం మీద ‘ప్రదర్శన’ అన్న మాట తీసేసి ‘మాయాబజార్: మాట, పాట, వెన్నెల’ అని మార్చి అచ్చుకు పంపాను. సినిమా మొత్తం చూడదలచినవారు ఇంట్లో ముందే చూసి రమ్మని అడుగున ఒక వాక్యం చేర్చాను. సభ మధ్యాహ్నం రెండు గంటలకు మొదలవుతుంది. హార్మోనియం ఎవరి దగ్గరుంది?

వదిన, బుధవారం ఉదయం 7:40

మా ఇంట్లో ఉంది, కానీ రెండు మెట్లు పలకడం లేదు. లాహిరికి నేనూ, మీ అన్నయ్య గారూ కూర్చుంటాం. మాకు కావలసిన శ్రుతిలో ఆ రెండు మెట్లతో పని పడదు.