లాక్‌డౌన్‌లో పడిన పీఎం కిసాన్ రూ.2,000 వాపస్ కట్టాలా?

కూకట్‌పల్లి_పరిగి:
పరిగి దగ్గర నాన్న పేరున 3 ఎకరాలు, అమ్మ పేరున ఎకరం 20 గుంటలు ఉన్నాయి. పాసుబుక్కులు వేర్వేరు, రెండూ 2018 నాటివే. ఇద్దరికీ 2019 నుంచి పీఎం కిసాన్ (కేంద్రం రైతులకిచ్చే సాయం) పడేది, ఇప్పుడు ఇద్దరికీ ఆగింది. కొడుకు హైదరాబాద్‌లో ట్యాక్స్ కడుతున్నాడు కాబట్టే ఆపారని ఊళ్లో అంటున్నారు. మొత్తం వాపస్ కట్టాలట, 2020 ఏప్రిల్‌ది మాత్రం కరోనా సాయం కాబట్టి అక్కర్లేదట. ఏది నిజం?

పహాణీ_పాతది:
మీ ట్యాక్స్‌కూ దీనికీ సంబంధం లేదు. ఈ పథకంలో కుటుంబం అంటే భర్త, భార్య, మైనర్ పిల్లలు. మేజరైన కొడుకు ఎంత కట్టినా తల్లిదండ్రుల అర్హత పోదు. అసలు చిక్కు మీరు చెప్పిన ఇంకో మాటలో ఉంది: ఇద్దరికీ పడేది. కుటుంబానికి ఏడాదికి రూ.6,000 ఒక్కటే. భార్యాభర్తలిద్దరికీ పడుతున్న కేసులనూ, 2019 ఫిబ్రవరి 1 తర్వాత భూమి పేరు మారిన కేసులనూ (వారసత్వంగా వస్తే మినహాయింపు ఉంది) కేంద్రం అనుమానిత జాబితాలో పెట్టి, విచారణ అయ్యేదాకా ఆపింది. మీది మొదటి రకం అనిపిస్తోంది.

ఇక్కడ చాలామంది బోల్తా పడడానికి కారణం రైతుబంధు (తెలంగాణ ప్రభుత్వం అప్పట్లో ఇచ్చిన పంట పెట్టుబడి సాయం). అది పాసుబుక్కు లెక్క, కుటుంబం లెక్క కాదు. 2020 వానాకాలంలో ఎకరానికి రూ.5,000 చొప్పున నాన్నకు రూ.15,000, అమ్మకు రూ.7,500 పడి ఉంటే అందులో తప్పేం లేదు. పీఎం కిసాన్ కూడా అలాగేననుకుని ఇద్దరి పేర్లూ ఎక్కించేశారు.

గుంటల_లెక్క:
కరోనా సాయం సంగతి. 2020 మార్చి 26న ప్యాకేజీ ప్రకటించారు, నిజమే. కానీ రైతులకు అందులో వచ్చిన రూ.2,000 కొత్త డబ్బు కాదు. ఏప్రిల్–జులై కిస్తీనే ముందుగా ఏప్రిల్ మొదట్లో వేశారు. ఆ ఏడాది రూ.6,000 రూ.8,000 కాలేదు కదా! కాబట్టి రికవరీ అంటూ వస్తే అదీ లెక్కలోకి వస్తుంది. జన్‌ధన్ ఖాతా ఉన్న ఆడవాళ్లకు మూడు నెలలు పడిన రూ.500, రేషన్ కార్డుకు రాష్ట్రం ఇచ్చిన రూ.1,500, మనిషికి 12 కిలోల బియ్యం వేరు. వాటిని ఇందులో కలపొద్దు.

ఏఈఓ_పక్కింటోడు:
కట్టేముందు ఆగండి. పీఎం కిసాన్ పోర్టల్‌లో ముందు ఇద్దరి స్టేటస్ విడివిడిగా చూడండి. రిజిస్ట్రేషన్ నంబర్ గుర్తులేకపోతే ఆధార్‌తో దొరుకుతుంది, ఓటీపీ మాత్రం ఆధార్‌కు లింకైన ఫోన్‌కే వస్తుంది. ఈకేవైసీ, ల్యాండ్ సీడింగ్ (భూమి రికార్డు లింకు), ఆధార్ బ్యాంక్ సీడింగ్ (ఖాతాకు ఆధార్ లింకు) మూడూ 'యెస్' ఉండి కూడా ఆగితే అది విచారణ కింద ఉండొచ్చు. ల్యాండ్ సీడింగ్ 'నో' అంటే పాసుబుక్కు, ఆధార్ జిరాక్సులతో రైతువేదికలో ఏఈఓను (వ్యవసాయ విస్తరణ అధికారిని) కలవాలి; మీసేవలో ఎన్నిసార్లు వేలిముద్ర వేసినా అది మారదు. డబ్బు పాసుబుక్కుకిచ్చిన ఖాతాకు కాకుండా ఆధార్ చివరగా లింకైన ఖాతాకు పోతుంది, 'పడలేదు' అనే ముందు ఇంట్లో ఉన్న మిగతా బ్యాంకు పుస్తకాలు కూడా ఎంట్రీ వేయించండి.

తర్వాత ఏఓ (మండల వ్యవసాయ అధికారి) దగ్గరకు ఇద్దరి పాసుబుక్కులు తీసుకెళ్లి ఎవరి పేరు ఉంచాలో రాసిచ్చి తేల్చుకోండి. ఆ తర్వాతే రిఫండ్. పోర్టల్‌లో 'రిఫండ్ ఆన్‌లైన్'లో ఇంతకుముందు కట్టలేదు అన్న ఆప్షన్ ఎంచుకుని ఆధార్ కొడితే కిస్తీలు కనిపిస్తాయి, టిక్ పెట్టి కట్టాలి. 'యూ ఆర్ నాట్ ఎలిజిబుల్ ఫర్ ఎనీ రిఫండ్' అని వస్తే కంగారొద్దు, మీ మీద ప్రస్తుతం బాకీ చూపించట్లేదని అర్థం. రసీదు ప్రింట్ ఏఓకు ఒకటి, ఇంట్లో ఒకటి. 'వాలంటరీ సరెండర్' బటన్ మాత్రం పొరపాటున కూడా నాన్న నంబర్‌తో నొక్కకండి.

కూకట్‌పల్లి_పరిగి:
అమ్మ పేరు తీయించి నాన్నది ఉంచితే ఆగిన కిస్తీలు వస్తాయా అన్నా? వాట్సాప్‌లో పీఎం కిసాన్ యాప్ అని ఒక ఫైల్ కూడా వచ్చింది, అందులో చూడొచ్చా?

ఏఈఓ_పక్కింటోడు:
విచారణలో అర్హులని తేలేదాకా ఏమీ పడదు, తేలాక స్టేటస్‌లోనే మారుతుంది. ఆ ఫైల్ తెరవకుండా డిలీట్ చేయండి. అలా ఏపీకే (యాప్ ఇన్‌స్టాల్ చేసే ఫైల్) పంపి ఓటీపీలు లాగి ఖాతాలు ఊడ్చేస్తున్నారు. యాప్ కావాలంటే ప్లే స్టోర్ నుంచే.