అప్‌డేట్: పొద్దుటి తుమ్ముల సంగతి తేలింది

బెంగళూరు వచ్చినప్పటి నుంచి నిద్ర లేవగానే ఇరవై, ముప్పై తుమ్ములు వస్తున్నాయని, మందులు లేకుండా తగ్గే దారి చెప్పమని రెండు నెలల క్రితం ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

చివరికి అలర్జీ డాక్టరు దగ్గరకు వెళ్లాను. ముంజేతి మీద అలర్జీ తెప్పించే రకరకాల పదార్థాల చుక్కలు వరుసగా వేసి, ఒక్కో చోట సూదితో చిన్నగా గుచ్చారు. పావుగంటలో, పోలిక కోసం పెట్టిన చుక్క కాక ఇంకొక్కటే దోమ కుట్టినట్టు ఉబ్బింది. అది దుమ్ములో ఉండే కంటికి కనిపించని పురుగుదట. వయ్యారిభామ పుప్పొడి చుక్క మాత్రం చెక్కుచెదరలేదు. పక్క ఖాళీ స్థలంలోని ఆ మొక్కలను ఇన్నాళ్లూ ఊరికే తిట్టుకున్నాను. అసలు దోషి ఆ పురుగులు చేరిన పరుపు, అమ్మ ముచ్చటపడి పంపిన పాత దూది పరుపు!

దానికి జిప్పు ఉన్న దట్టమైన తొడుగు వేశాను. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీటిలో ఉతుకుతున్నాను. ఉప్పునీటితో ముక్కు కడుక్కోమన్న సలహా కూడా బాగా పనిచేసింది: పావు లీటరు నీటికి అర చెంచా ఉప్పు. నీళ్లు కాచి చల్లార్చినవే వాడాలని, కుళాయి నీళ్లు నేరుగా వద్దని డాక్టరు గట్టిగా చెప్పారు.

తులసి కషాయం గొంతుకు హాయిగా ఉంది కానీ తుమ్ములు తగ్గలేదు. పెరుగు మానడం శుద్ధ దండగ, మళ్లీ తింటున్నాను.

ఇప్పుడు పొద్దున రెండో మూడో తుమ్ములు, అంతే. పరుపు సంగతి అమ్మకు ఇంకా చెప్పలేదు.