క్యూబా గాయకుడు కంపాయ్ సెగుందోని వెలుగులోకి తెచ్చింది అమెరికా గిటారిస్టు రై కూడరేనా?

పాతరికార్డు: క్యూబా పాత పాటగాళ్ళతో కూడర్ చేసిన బువెనా విస్తా సోషల్ క్లబ్ ఆల్బం మళ్ళీ విన్నా. 1996లో రై కూడర్ హవానా వెళ్ళకపోతే ఆ పెద్దాయన సెగుందో చుట్టలు చుట్టుకుంటూనే పోయేవాడు. క్రెడిట్ కూడర్‌దే.

ఏడోతీగ: ఈ మాట వింటే ఒళ్ళు మండుద్ది. 1907లో క్యూబాలోని సిబొనేలో పుట్టి, మతమోరోస్ సంగీత బృందంలో క్లారినెట్ వాయించి, లాస్ కాంపాద్రెస్ జోడీలో 1955 దాకా రెండో గొంతు పాడి, గిటారుకీ త్రెస్‌కీ (క్యూబా వాళ్ళ చిన్న గిటారు) మధ్యస్తంగా అర్మోనికో అనే ఏడు తీగల వాయిద్యం సొంతంగా తయారు చేసుకున్న మనిషండీ. కూడర్ వచ్చేటప్పటికి 88 ఏళ్ళు. పైగా కూడర్ కంటే ముందే, 1995లోనే మాడ్రిడ్‌లో ఆల్బం రికార్డ్ చేశాడు.

పాతరికార్డు: చుట్టల ఫ్యాక్టరీలో చేశాడా లేదా? అది చెప్పండి ముందు.

ఏడోతీగ: చేశాడు, ఉప్మన్‌లో, ఏళ్ళ తరబడి. అది మానేసి కూడా చాలా కాలమైంది అప్పటికి. ఆ ఆల్బంలో మొదటి పాట చాన్ చాన్ ఆయన కట్టింది 80ల్లో.

గిటార్‌పిచ్చి: డి మైనర్, ఎఫ్, జి మైనర్, ఎ. చాన్ చాన్ పాటంతా ఈ నాలుగు కార్డులే తిరుగుతాయి, అయినా విసుగు రాదు 🙏

హవానాగాలి: అసలు ఆఫ్రికాలోని మాలి నుంచి రావాల్సిన సంగీతకారులు రాలేకపోతేనే కదా ఆ రికార్డింగ్ ఇలా మలుపు తిరిగింది. పెద్దవాళ్ళని పోగేసింది కూడా హువాన్ దె మార్కోస్ గొన్సాలెస్, ఆయన క్యూబా మనిషే.

పాతరికార్డు: చుట్టల సంగతి ఒప్పుకున్నారుగా, చాలు.

ఏడోతీగ: మీకు చుట్టలే కనిపిస్తున్నాయా?! మా నాన్న పరిషత్తు నాటకాల్లో తెల్లవార్లూ పద్యాలకి హార్మోనియం వాయించాడు, రాగం ఎత్తగానే జనం వన్స్‌మోర్ అనేవాళ్ళు. ఆఖర్లో ఎవరో టీవీ వాళ్ళొచ్చి మరుగున పడ్డ కళాకారుణ్ణి మేం కనిపెట్టాం అని వేసుకున్నారు. మరి అంతకుముందు విన్న జనం జనం కాదా?

పాతరికార్డు: మీ నాన్నగారిని నేనేమన్నా అన్నానా? మా బాబాయి బుర్రకథలో వంత. ఒక్క క్యాసెట్ లేదు, ఆ గొంతు ఎలా ఉండేదో మా పిల్లలకి వినిపిద్దామంటే ఏమీ మిగల్లేదు. మైకు పట్టుకుని వెళ్ళినోడికి నేను దణ్ణం పెడతా, వాడు ఏ దేశం వాడైనా.

ఏడోతీగ: దణ్ణం నేనూ పెడతా. రికార్డ్ చేశాడు అనండి, వెలికి తీశాడు అనొద్దు.

పాతరికార్డు: ఆ మాడ్రిడ్ ఆల్బం లింక్ ఉంటే పెట్టండి, వింటా. కూడర్ విషయంలో మాత్రం నా మాట అదే.