రెండు కాపీల్లో ఒక్క బిట్ తేడా: ఏది అసలుదో తేల్చేదెలా?

2016లో తీసిన వరి వేళ్ల కాన్‌ఫోకల్ (లేజర్ మైక్రోస్కోప్) చిత్రాలు మా ల్యాబులో రెండు 2 టీబీ హార్డ్‌డిస్కుల్లో ఉన్నాయి. టేపులోకి ఎక్కించే ముందు రెండింటికీ షా256 చెక్‌సమ్ (ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే, వేలిముద్ర లాంటి సంఖ్య) తీస్తే 17 ఫైళ్లు కలవలేదు. 14 తేలిపోయాయి: రెండో డిస్కులో 4096 బైట్ల ముక్క మొత్తం సున్నాలే. టెన్షన్ మిగతా మూడింటితోనే. సీఎంపీ (రెండు ఫైళ్లను బైటు బైటుగా పోల్చే కమాండ్) పెట్టి చూస్తే ఒక్కోదాంట్లో ఒకే బైటు తేడా. ఒకచోట పిక్సెల్ విలువ ఒక కాపీలో 212, రెండోదాంట్లో 196. అంటే ఒక్క బిట్టే తిరగబడింది. పక్క పిక్సెళ్లు 190 నుంచి 220 దాకా ఉన్నాయి కాబట్టి రెండూ నమ్మేలాగే ఉన్నాయి!

కేబుల్ మార్చాను, వేరే కంప్యూటర్లో చదివించాను. ఏ డిస్కుకు ఆ డిస్కు ప్రతిసారీ అదే చెక్‌సమ్ ఇస్తోంది. డిస్కు తన పరిస్థితి గురించి తానే ఇచ్చే స్మార్ట్ రిపోర్టులో పాడైన సెక్టార్లు లేవు. ఫైళ్లు కంప్రెస్ చేయని 16 బిట్ టిఫ్‌లు, కాబట్టి లోపల సీఆర్‌సీ (డేటా పాడైతే పట్టిచ్చే కోడ్) లాంటిదేమీ ఉండదు. మైక్రోస్కోప్ కంప్యూటర్‌ను ఎప్పుడో ఫార్మాట్ చేసేశారు. అప్పట్లో చెక్‌సమ్ రాసిపెట్టుకోకపోవడం మా తప్పే.

మూడో కాపీ లేకుండా, ఈ మూడు ఫైళ్లలో ఏ కాపీ అసలుదో తేల్చే పద్ధతి ఏదైనా ఉందా?