‘రసాభాస’: ప్రేమ నవలల విమర్శలో ఈ మాటకు అర్థమేమిటి?

ప్రశ్న: ఒక ప్రేమ నవల మీద వచ్చిన సమీక్షలో ‘ఇందులో ఉన్నది శృంగారం కాదు, రసాభాస’ అని చదివాను. ‘సమావేశం రసాభాసగా ముగిసింది’ అని పత్రికల్లో చూడడమే తప్ప ఈ వాడుక నాకు కొత్త. నవల గందరగోళంగా ఉందని అర్థమా? తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం: గందరగోళమని కాదండీ. ఆభాస అంటే ఉన్నట్టు తోచేదే తప్ప నిజంగా లేనిది. ముత్యపుచిప్ప మెరుపును చూసి వెండి అనుకోవడం లాంటిది. రసం అంటే కావ్యం చదివేవారి మనసులో కలిగించే అనుభూతి. ప్రేమకు సంబంధించిన రసం శృంగారం. రసంలా తోచి రసం కానిది రసాభాస. సభలో గొడవ జరగడమనే అర్థం తర్వాత వాడుకలో స్థిరపడింది.

ప్రేమకథల విషయంలో ఈ మాటను ఎంతో పదునుగా వాడినవాడు మన రాచకొండ ప్రభువు సర్వజ్ఞ సింగభూపాలుడు. 14వ శతాబ్దంలో సంస్కృతంలో రాసిన ‘రసార్ణవసుధాకరం’లో శృంగారం ఆభాసగా మారే సందర్భాలు నాలుగు చెప్పాడు. మొదటిది ‘అరాగం’, అంటే ఇద్దరిలో ఒకరికి ప్రేమ లేకపోవడం. వెంటనే తానే ఆక్షేపణ లేవదీస్తాడు: ‘రత్నావళి’ నాటికలో ముందు వలపు పుట్టింది నాయికకే, నాయకుడు వత్సరాజుకు ఇంకా పుట్టలేదు, మరి అదీ ఆభాసేనా? కాదంటాడు. లేకపోవడంలోనూ తేడాలున్నాయి. ఇంకా పుట్టకపోవడం ప్రాగభావం, ఎన్నటికీ లేకపోవడం అత్యంతాభావం, ఉండి నశించడం ప్రధ్వంసాభావం. మొదటిదానిలో చూపు మొదలైన కారణాల వల్ల ప్రేమ పుట్టే వీలుంది కనుక ఆభాస కాదు. మిగిలిన రెండింటిలో కారణాలున్నా పుట్టదు కనుక ఆభాసే.

ప్రేమ నవల బాగోగులు తేల్చడానికి ఇంతకంటే మంచి సాధనం నాకు కనబడలేదు. ‘కాదు’ అన్న మనసు ‘అవును’ అనేదాకా నడిచేదే కదా ఆ కథ! 1813లో వచ్చిన జేన్ ఆస్టిన్ ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ చూడండి. ఎలిజబెత్‌ను ఇద్దరు పెళ్లికి అడుగుతారు. ఆమె కాదంటే, మర్యాదస్తుల ఇంటి ఆడపిల్లలు మొదట అలాగే అంటారులే అనుకుంటాడు కాలిన్స్. ఆమె మళ్లీ మళ్లీ చెప్పినా అతని చెవికెక్కదు. డార్సీ కూడా మొదటిసారి పొగరుగానే అడిగి గట్టి తిరస్కారం పొందుతాడు. కానీ ఆ మాట అతను విన్నాడు. మర్నాడు ఒక ఉత్తరం చేతికిచ్చి తప్పుకున్నాడు. ఆ తర్వాత ఆమె మనసు మారడానికి ఆస్టిన్ ఒక్కొక్క కారణమే పేరుస్తూ వస్తుంది. ఉత్తరంలోని నిజాలు, డార్సీకి చెందిన పెంబర్లీ భవనంలో ఇంటి వ్యవహారాలు చూసే పెద్దావిడ అతని గురించి చెప్పిన మంచి, ఆమె చెల్లెలు లిడియా కోసం అతను గుట్టుగా చేసిన సాయం. రెండోసారి అడిగేటప్పుడు, మీ మనసు మారకపోతే ఒక్క మాట చెప్పండి, ఇక ఈ ప్రస్తావన తేనంటాడు. ఆ నవల బలమంతా అక్కడే ఉంది.

బలహీనమైన ప్రేమ నవలల్లో నాయకుడి ప్రవర్తన కాలిన్స్‌ది, అందమూ ఆస్తీ మాత్రం డార్సీవి. వెంటపడతాడు, బెదిరిస్తాడు, చివరి అధ్యాయంలో ఆమె కరిగిపోతుంది. ఏ పేజీలో, ఎందుకు కరిగిందని వెనక్కి తిప్పి వెతికితే దొరకదు. సమీక్షకులు రసాభాస అన్నది ఇలాంటిదాన్నే అయి ఉండాలి.

మరొక సభ్యురాలు: అలాగైతే మనుచరిత్రలో వరూధిని వలపు మాటేమిటండీ? ప్రవరుడు చివరిదాకా ఒప్పుకోలేదు కదా. తెలుగువాళ్లు నెత్తిన పెట్టుకున్న ఘట్టమది. పైగా మీరు చెప్పిన ఆ నాలుగు సందర్భాల్లో ‘మ్లేచ్ఛరాగం’, అంటే పుట్టుకను బట్టి తక్కువవారిగా చూసినవారి ప్రేమ, కూడా ఉంది. దాన్నీ ఒప్పుకోవాలా?

సమాధానం: అక్కర్లేదమ్మా. పుట్టుకను బట్టి ప్రేమకు అర్హత నిర్ణయించడం ఆనాటి దురభిమానం. కులాంతర, మతాంతర ప్రేమకథల్ని ఆ కొలతతో చూడనే కూడదు. అరాగం గురించి చేసిన ఆలోచన మాత్రం నేటికీ నిలుస్తుంది.

వరూధినిది లక్షణం ప్రకారం ఆభాసే. కానీ పెద్దన దాన్ని దాచలేదు. ‘హా శ్రీహరీ’ అంటూ ప్రవరుడు మొహం తిప్పుకొని ఆమెను తోసేశాడు, అగ్నిదేవుణ్ణి ప్రార్థించి ఇల్లు చేరాడు. అతని మనసులో ఏ మూలో వలపు మొలిచిందని కవి ఎక్కడా నమ్మించబోలేదు. ఆమె వేదనను మాత్రం నిండు సానుభూతితో రాశాడు. తర్వాత గంధర్వుడు ప్రవరుడి రూపంలో వచ్చినా, అది వేషమని పాఠకుడికి ముందే తెలుసు. ‘రసభావతదాభాస...’ (రసం, భావం, వాటి ఆభాసలు) అంటూ అలంకారశాస్త్రవేత్త ఆనందవర్ధనుడు తన ధ్వన్యాలోకంలో ఆభాసను రసం సరసనే చేర్చాడు. అంటే అదీ ఆస్వాదించదగినదే, దానంతటదే దోషం కాదు. ఏకపక్ష ప్రేమ మీద గొప్ప నవల రాయవచ్చు. దాన్ని పరస్పర ప్రేమగా చూపబోయినప్పుడే నవల దెబ్బతింటుంది.

అందుకే ‘రసాభాస’ అన్న ఒక్క మాటతో ఆ సమీక్ష పూర్తికాదు. మొదట అడిగినవారు ఆ నవలలో సమీక్షకులు తప్పుపట్టిన సన్నివేశమేదో ఇక్కడ పెడితే, అది ప్రాగభావమో అత్యంతాభావమో అందరం కలిసి చూద్దాం.