గ్రిమ్ సోదరుల కథకూ నాజీల బాలల పుస్తకానికీ మధ్య గీత ఎక్కడ?

చర్చ ప్రారంభించినవారు:
జర్మన్ జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరుల సంపుటిలో ‘ముళ్లపొదలో యూదుడు’ అనే కథ 1815లోనే అచ్చయింది. ఒక పాలేరు మంత్రపు ఫిడేలు వాయించి యూదుణ్ణి ముళ్లలో గెంతించి డబ్బు సంచి లాక్కుంటాడు. చివరికి ఉరికంబమెక్కేది ఆ యూదుడే. 1938లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో నాజీ నాయకుడు యూలియస్ ష్ట్రైఖర్ సంస్థ ప్రచురించిన ‘విషపు పుట్టగొడుగు’ అనే పిల్లల పుస్తకం దీని కొనసాగింపే అనేవారున్నారు. నాకది పొరపాటుగా తోస్తుంది. మొదటిది జనం నోట నానిన పాత ద్వేషం. రెండవది అధికార పార్టీ నాయకుడొకరు పిల్లలకు గురిపెట్టి చేయించిన పని. రెంటినీ ఒకే గాటన కడితే రెండవదాని నేరం పలచబడుతుంది.

ప్రత్యుత్తరం:
తేడా ఉన్న మాట నిజమే కాని, ‘జనం నోటి కథ’ అన్నచోట నాకు అభ్యంతరం ఉంది. 1825లో పిల్లలకని యాభై కథలతో చిన్న సంపుటి తెచ్చినప్పుడు, గ్రిమ్ సోదరులు ఏరి కూర్చిన వాటిలో ఈ కథ కూడా ఉంది. ఇక ఎర్న్‌స్ట్ హీమర్ రాసిన ఆ 1938 పుస్తకం మొదలయ్యే తీరు చూడండి: అడవిలో పుట్టగొడుగులు ఏరుతూ మంచివేవో విషపువేవో కొడుక్కి చెబుతున్న తల్లి, అదే ఊపులో మనుషుల్లోనూ విషపువాళ్లున్నారంటూ యూదులను చూపుతుంది. తొలకరి తర్వాత పుట్టగొడుగులకు వెళ్లే మన పల్లె పిల్లలూ ఆ జాగ్రత్తను ఇంట్లో పెద్దల నోటనే నేర్చుకుంటారు కనుక, ఆ పాఠాన్ని ఏ పిల్లవాడూ అనుమానించడు. ఆ నమ్మకాన్ని పార్టీ పుట్టించలేదు. అమ్మ చెప్పే కథకు తరతరాలుగా ఉన్న చనువును వాడుకుంది.

చర్చ ప్రారంభించినవారు:
1825 సంపుటి సంగతి ఒప్పుకుంటున్నాను. నా వాదనలో ఆ ముక్క నిలవదు. అయితే అదే సంస్థ 1936లో వేసిన ఎల్విరా బావర్ పుస్తకంలో, యూదు పిల్లలనూ ఉపాధ్యాయుణ్ణీ బడినుంచి వెళ్లగొడుతుంటే తోటి పిల్లలు కేరింతలు కొట్టే బొమ్మ ఒకటుంది. 1938 నవంబరు 15న ప్రభుత్వం యూదు పిల్లలను జర్మన్ బడులనుంచి నిజంగానే వెళ్లగొట్టింది. అంటే, జరగబోయే అన్యాయానికి పిల్లల చేత ముందే చప్పట్లు కొట్టించారన్నమాట. 1946లో నాజీ నాయకులను విచారించిన న్యూరెంబర్గ్ న్యాయస్థానం ష్ట్రైఖర్‌కు మరణశిక్ష వేసింది కూడా ద్వేషాన్ని రెచ్చగొట్టిన రాతలకూ ప్రసంగాలకే. ఆ బోనులో గ్రిమ్ సోదరులను నిలబెట్టగలమా?

ప్రత్యుత్తరం:
బోనులో నిలబెట్టమని నేననలేదు, కథను చెరిపేయమనీ అనలేదు. ఇప్పుడు ఈ కథలను అచ్చువేసేవారు పెద్దల సంపుటిలో దాన్ని ఉంచి, పిల్లల సంపుటిలో ఎందుకు వేయలేదో ముందుమాటలో రాయమంటున్నాను.